బండి మీద భయం: చేతులు ఎందుకు బిగుసుకుంటాయి, ఎలా వదులవుతాయి

మలుపు సగంలో ఉండగా స్పీడు కాస్త ఎక్కువైందనిపిస్తుంది. నిజంగా ఎక్కువైందా అన్నది తేల్చుకునే వ్యవధి ఉండదు. ఈలోగా శరీరం తన పని తాను చేసేస్తుంది. కుడిచెయ్యి రేస్ టక్కున వదిలేస్తుంది. రెండు చేతులూ హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటాయి. ఊపిరి ఆగిపోతుంది. కళ్లు రోడ్డు అంచున ఉన్న మట్టికో, ఎదురుగా వస్తున్న లారీకో అతుక్కుపోతాయి. వేళ్లు ముందు బ్రేక్ మీద బిగుస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆలోచించి చేసింది కాదు. చిక్కేమిటంటే, వీటిలో ఏ ఒక్కటీ ఆ క్షణంలో బండికి పనికొచ్చేదీ కాదు.

వంగి ఉన్న బండికి ముందు బ్రేక్ గట్టిగా పడితే అది నిటారుగా లేవాలని చూస్తుంది. లేచిందంటే మలుపు వదిలి బయటికి పోతుంది. రేస్ ఒక్కసారిగా వదిలేస్తే బరువు ముందుకు పడి బండి కుదురు చెడుతుంది. బిగుసుకున్న చేతులు హ్యాండిల్‌ను తిరగనివ్వవు. ఇక కళ్లు ఎక్కడ అతుక్కుంటే బండి అటే లాగుతుంది. దేనికి భయపడ్డామో దాని దగ్గరికే భయం తీసుకెళ్తుందన్నమాట. నడకలో, పరుగులో ప్రాణం కాపాడే అలవాట్లే రెండు చక్రాల మీదికి వచ్చేసరికి ఎదురు తిరుగుతాయి. అమెరికాలో 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మొదలుపెట్టిన కీత్ కోడ్ వీటన్నిటినీ ఒకచోట చేర్చి, ప్రాణం కాపాడుకునే ప్రతిచర్యలని పేరు పెట్టారు. ఆయన బోధన అంతా ఈ ప్రతిచర్యల చుట్టూనే తిరుగుతుంది.

అందుకే కొత్తవాళ్లకి "గుండె దిటవు చేసుకుని నడుపు, భయం అదే పోతుంది" అని చెప్పే సలహా పెద్దగా పనికిరాదు. గుండె దిటవు చేసుకున్నంత మాత్రాన వేళ్లకి కొత్త పని రాదు. భయం పోయాక నేర్చుకుందామని ఆగేవాళ్లదీ ఇలాంటి పొరపాటే. భయం, చేతకానితనం ఒకే ముడికి రెండు కొసలు. చేతకానితనం కొస పట్టుకుని లాగితే ముడి వదులవుతుంది. భయం కొస పట్టుకుని లాగితే ఇంకా బిగుసుకుంటుంది.

"బండంటే భయం" అనే మాట ఒక పెద్ద మూట. విప్పి చూస్తే లోపల చిన్న చిన్న భయాలు ఉంటాయి, ఒక్కొక్కరికి ఒక్కో రకం. కాలు నేలకి పూర్తిగా ఆనదని ఒకరికి. ఎత్తు మీద ఆపితే బండి వెనక్కి జారుతుందని ఒకరికి. యూటర్న్‌లో బండి పక్కకి ఒరిగిపోతుందని, బ్రేక్ వేస్తే స్కిడ్ అవుతుందని, పక్కనుంచి పెద్ద బండి వెళ్తే గాలికి ఊగిపోతానని, వెనకవాళ్లు హారన్ కొడుతుంటే సరిగ్గా అప్పుడే ఇంజిన్ ఆగిపోతుందని. ఇవన్నీ వేర్వేరు భయాలు, వీటి మందులూ వేర్వేరు. యూటర్న్ భయం ఉన్న మనిషి తిన్నని రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు నడిపినా ఆ భయం తగ్గదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏళ్ల తరబడి నడుపుతుంటారు, ఆ ఒక్క పని వచ్చేసరికి కాళ్లు రెండూ కిందికి దించి నెట్టుకుంటూ తిప్పుతారు.

బుర్రలో మిగిలే చోటు

1908లో రాబర్ట్ యెర్కిస్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద ఒక ప్రయోగం చేశారు. తప్పు దారిలో వెళ్తే షాక్ తగిలేలా పెట్టి, ఎంత షాక్ ఇస్తే త్వరగా నేర్చుకుంటాయో చూశారు. పని సులువైనదైతే షాక్ పెరిగేకొద్దీ ఎలుకలు చురుగ్గా నేర్చుకున్నాయి. పని కష్టమైనదైతే మాత్రం ఒక మోస్తరు షాక్ దగ్గరే బాగా నేర్చుకుని, అది దాటాక వెనకబడ్డాయి. మనిషికి, చిట్టెలుకకి తేడా ఉందనుకోండి, అయినా బండి నేర్చుకునేవాళ్లని చూస్తే ఈ ప్రయోగం గుర్తుకు రాక మానదు. కొద్దిగా టెన్షన్ ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు. టెన్షన్ ముదిరితే వచ్చిన పని కూడా మర్చిపోతారు.

కొత్తలో బుర్ర అంతా క్లచ్‌కీ, గేర్‌కీ ఖర్చయిపోతుంది. మనిషి ఒక పనిని మొదట ఆలోచించి చేస్తాడని, తర్వాత తప్పులు సరిదిద్దుకుంటూ చేస్తాడని, చివరికి ఆలోచన లేకుండానే చేస్తాడని పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో మూడు దశలుగా చెప్పారు. మొదటి దశలో ఉన్న మనిషిని రద్దీ రోడ్డు మీదికి పంపితే రోడ్డును చూడటానికి బుర్రలో చోటే ఉండదు. అప్పుడు వచ్చే భయం పిరికితనం కాదు. "ఇక్కడ జరిగేదంతా నేను చూడలేకపోతున్నాను" అని శరీరం ఇచ్చే నిఖార్సయిన కబురు అది. దాన్ని నమ్మి వెనక్కి వెళ్లి ఖాళీ మైదానంలో క్లచ్ పని పూర్తిచేసుకోవడం తెలివైన పని. గేర్లు లేని స్కూటర్ మీద చాలామందికి త్వరగా ధైర్యం రావడానికి కారణం కూడా ఇదే. చేతికి ఒక పని తగ్గింది, కళ్లకి అంత చోటు దొరికింది.

నెమ్మదిగా వెళ్లడమే కష్టం

స్పీడు అంటే భయపడేవాళ్లు ఎక్కువ. బండి ఎక్కువగా పడిపోయేది మాత్రం దాదాపు ఆగినప్పుడే. పార్కింగ్‌లో, గేటు దగ్గర, యూటర్న్‌లో. దెబ్బ తగిలేది తక్కువ, పరువు పోయేది ఎక్కువ. ఆ సిగ్గు కూడా భయంలో పెద్ద వాటాయే.

కదులుతున్న బండి ఎందుకు పడదన్న ప్రశ్నకి చాలామంది చెప్పే జవాబు, తిరిగే చక్రానికి బొంగరం లాంటి గుణం ఉంటుంది కాబట్టి అని. అందులో కొంత నిజం ఉంది, కానీ అదే మొత్తం కారణం కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాలవాళ్లు కలిసి, బొంగరం గుణాన్ని రద్దు చేసేలా ఎదురు తిరిగే చక్రాలు పెట్టి ఒక ప్రత్యేకమైన సైకిల్ తయారుచేశారు. మనిషి లేకుండా తోసి వదిలితే అది కూడా పడకుండా వెళ్లింది. 2011లో సైన్స్ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. ముందు చక్రం బండి ఏ వైపు ఒరిగితే ఆ వైపుకు తనంత తాను తిరగగలగాలి, అలా తిరిగి బండి కింద చక్రాలను మళ్లీ సర్దుకోవాలి. అసలు కిటుకు ఇదే. నడిపే మనిషికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ చిన్న చిన్న సర్దుబాట్లు చెయ్యడానికి హ్యాండిల్‌కి స్వేచ్ఛ కావాలి. మోచేతులు కర్రల్లా బిగించి పట్టుకున్న మనిషి బండికి ఉన్న ఆ గుణాన్ని తన చేతులతోనే అణిచేస్తున్నట్టు.

వేగం బాగా తగ్గినప్పుడు ఈ సాయం తగ్గుతుంది. అక్కడ క్లచ్ రంగంలోకి వస్తుంది. క్లచ్ పూర్తిగా పట్టుకోవడానికీ, పూర్తిగా వదలడానికీ మధ్య కొద్దిపాటి చోటు ఉంటుంది, దాన్నే అందరూ హాఫ్ క్లచ్ అంటారు. ఇంజిన్ బలం చక్రానికి కొంచెం కొంచెంగా అందేది అక్కడే. రేస్ కాస్త ఇచ్చి ఉంచి, హాఫ్ క్లచ్‌లో నిలిపి, వెనక బ్రేక్‌ను కాలితో మెత్తగా తొక్కి ఉంచితే బండి నడిచే మనిషి కంటే నెమ్మదిగా కూడా నిటారుగా వెళ్తుంది. బ్రేక్ ఒకవైపు ఆపుతూ, ఇంజిన్ ఒకవైపు లాగుతూ ఉంటే బండి బిగువుగా, కుదురుగా ఉంటుంది. భయపడిన మనిషి సరిగ్గా దీనికి వ్యతిరేకంగా క్లచ్ పూర్తిగా పట్టేస్తాడు. బలం అందని బండి అక్కడికక్కడే బరువైపోతుంది. పైగా హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేక్ పట్టుకుంటే పడిపోవడం దాదాపు ఖాయం.

యూటర్న్‌లో ఇంకో సంగతి ఉంది, తల. గడ్డం భుజం మీదికి వచ్చేంతగా తల తిప్పి, వెళ్లాల్సిన చోటు వైపు చూడాలి. ముందు చక్రం వైపు చూస్తే బండి ముందు చక్రం దగ్గరే పడుతుంది. ఇది చదవడానికి మంత్రంలా అనిపిస్తుంది, ఖాళీ స్థలంలో ఒక అరగంట చేసి చూస్తే మాత్రం సందేహం ఉండదు. మొదట రెండు లారీలు పట్టేంత వెడల్పులో తిరగాలి, తర్వాత ఒక్కో అడుగు తగ్గించుకుంటూ రావాలి. తిరిగే వైపుకి బండిని ఒంచి, ఒంటిని నిటారుగా, కాస్త బయటి వైపుకి ఉంచితే ఇంకా తక్కువ చోటులో తిరుగుతుంది.

కాళ్లు అందని భయానికి జవాబు కొంత యంత్రంలోనే ఉంది. సీటు ఎత్తు తక్కువున్న బండి ఎంచుకోవచ్చు, మందమైన అడుగు ఉన్న బూట్లు వేసుకోవచ్చు. రెండు కాళ్లూ పూర్తిగా ఆనాల్సిన అవసరం లేదు. ఆగేటప్పుడు ఒక్క పాదం గట్టిగా ఆని, రెండో పాదం బ్రేక్ మీద ఉంటే చాలు. ఆగబోయే చోట నేల ఎలా ఉందో ముందే చూసుకోవడం అంతకంటే ముఖ్యం. కంకర మీదో, గుంతలోనో పాదం పెట్టి పడినవాళ్లకి తమ పొట్టితనమే కారణమనిపిస్తుంది. నిజానికి తప్పు కంకరది.

హ్యాండిల్ ఎటు నెట్టాలి

విమానం కనిపెట్టిన రైట్ సోదరులకి అంతకుముందు సైకిళ్ల దుకాణం ఉండేది. ఎడమకి ఎలా తిరుగుతారని విల్బర్ రైట్ చాలామంది సైకిలు తొక్కేవాళ్లని అడిగి చూశారట, మొదటిసారి అడిగినప్పుడు పూర్తిగా సరైన జవాబు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరట. అందరూ చేసే పనే, చెప్పగలిగేవాళ్లు లేరు. ఇప్పటికీ పదేళ్లు బండి నడిపినవాళ్లలో చాలామందికి ఇది తెలియదు.

సుమారు 25 కిలోమీటర్ల వేగం దాటాక బండిని ఎడమకి తిప్పాలంటే ఎడమ చేతి పట్టును ముందుకు నెట్టాలి. అంటే చక్రం ఒక్క క్షణం కుడికి తిరుగుతుంది, దాంతో బండి ఎడమకి వంగుతుంది, వంగాక చక్రం దానంతట అది ఎడమకి సర్దుకుంటుంది. కుడికి వెళ్లాలంటే కుడి పట్టును నెట్టాలి. చెప్పడానికి తలకిందులుగా ఉంటుంది. అందుకే ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు, ఈ సంగతి ఎరిగి సాధన చెయ్యని మనిషి హ్యాండిల్‌ను తాను వెళ్లాలనుకున్న వైపుకే తిప్పబోతాడు, బండి ఎదురువైపుకి పోతుంది. లేదంటే ఏమీ చెయ్యలేక బిగుసుకుపోతాడు.

ఇది ఊహ కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ నాయకత్వంలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900కి పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు, మరో 3,600 ప్రమాదాల పోలీసు నివేదికలు చదివారు. 1981లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, ప్రమాదాల్లో పడినవాళ్లు వెనక బ్రేక్ అతిగా తొక్కి స్కిడ్ అయ్యారు, ముందు బ్రేక్ చాలినంతగా వాడలేదు. హ్యాండిల్ నెట్టి పక్కకి తప్పించుకునే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనబడలేదు. వాళ్లలో 92 శాతం మంది తమంతట తాము నేర్చుకున్నవాళ్లో, ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లో. తప్పించుకోవడానికి దొరికిన వ్యవధి మామూలుగా రెండు సెకన్ల లోపే. నలభై ఏళ్లు దాటిన నివేదిక కాబట్టి అందులోని అంకెలన్నీ ఈనాటి రోడ్లకి అతకవు. భయపడిన చేతులు ఏం చేస్తాయన్నది మాత్రం మారలేదు.

సాధనకి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. వాహనాలు తిరగని తిన్నని చోట 35, 40 కిలోమీటర్ల వేగంలో, అరచేతితో ఒక పట్టును మెత్తగా ముందుకు తాకించి వదలాలి. బండి అటు వంగి మళ్లీ లేస్తుంది. తర్వాత రెండోవైపు. ఏదో పాత కాగితం ముక్కో, తారు మరకో లక్ష్యంగా పెట్టుకుని దాన్ని పక్కనుంచి తప్పించుకుంటూ పోవాలి. ఇది చేతికి అలవాటైనవాళ్లకి బండి మీద ఒక కొత్త నమ్మకం వస్తుంది. అంతకుముందు బండి ఎటు తీసుకెళ్తే అటు వెళ్తున్నామన్న లోపలి అనుమానం, పైకి చెప్పుకోకపోయినా, చాలామంది భయానికి వేరు.

ముందు బ్రేక్ గురించిన అపవాదు

"ముందు బ్రేక్ పట్టకు, పల్టీ కొడతావు" అనే హెచ్చరికతో నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు లెక్కలేనంతమంది. ఇందులో ఒక పాలు నిజం, మూడు పాళ్లు నష్టం. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకి వస్తుంది. వెనక టైరు తేలికవుతుంది కాబట్టి దానికి రోడ్డును పట్టుకునే శక్తి తగ్గుతుంది, ముందు టైరుకి పెరుగుతుంది. గట్టిగా ఆపేటప్పుడు ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వెనక బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆగడానికి పట్టే దూరం దాదాపు రెట్టింపవుతుంది.

ఆ ఒక పాలు నిజం ఎక్కడుందంటే, బరువు ముందుకి రావడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. అది వచ్చేలోపే బ్రేక్‌ను గబుక్కున లాగితే, ఇంకా బరువు పడని ముందు చక్రం బిగుసుకుపోయి జారుతుంది. అందుకే లాగకూడదు, పిండాలి. మొదట మెత్తగా, ముందు సస్పెన్షన్ కిందికి దిగుతున్నట్టు తెలిశాక గట్టిగా. భయపడిన చెయ్యి గబుక్కున లాగుతుంది, సాధన చేసిన చెయ్యి పిండుతుంది. రెండింటికీ మధ్య తేడా పావు సెకనో, ఇంకా తక్కువో. చక్రం బిగుసుకోబోతే బ్రేక్‌ను క్షణక్షణం వదిలి పట్టే ఏబీఎస్ అనే ఏర్పాటు వచ్చాక ఈ ప్రమాదం చాలా తగ్గింది. ఎలక్ట్రానిక్ ఏబీఎస్ ఉన్న మొదటి మోటార్‌సైకిల్‌ను బీఎండబ్ల్యూ 1988లో మార్కెట్లోకి తెచ్చింది. అది ఉన్న బండి అయినా, గట్టిగా పట్టే ధైర్యం లేని చేతికి ఏబీఎస్ ఏం సాయం చేస్తుంది? సురక్షితమైన చోట ఒకసారి కావాలని ఏబీఎస్ పనిచేసేంత గట్టిగా బ్రేక్ వేసి, లీవరులో, పెడల్‌లో ఆ కంపనం ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండటం మంచిది. లేకపోతే అసలు అవసరం వచ్చిన రోజు ఆ అదురుకి బెదిరి బ్రేక్ వదిలేసేవాళ్లుంటారు.

వేగం గురించి లెక్క ఒక్కసారి చూసుకుంటే భయం సరైన చోట కుదురుకుంటుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో, బాగా సాధన ఉన్న చేతితో, 30 కిలోమీటర్ల వేగం నుంచి 5 మీటర్లలో ఆగవచ్చు. 60 నుంచి అదే బలంతో బ్రేక్ వేస్తే 20 మీటర్లు. వేగం రెట్టింపయితే దూరం నాలుగు రెట్లు. దీనికి ముందు, ప్రమాదం కనబడి చెయ్యి కదిలేవరకు ఒక సెకను పట్టిందనుకుంటే, 60లో ఆ ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతాం. వేళ్లను ముందు బ్రేక్ మీద తేలిగ్గా ఆనించి ఉంచడం వల్ల మిగిలేది ఆ సెకనులో కొంత ముక్క. రోడ్డు మీద ఆ ముక్క ఒకటి రెండు బండ్ల పొడవు.

వంపు, చూపు

మలుపు భయానికి మూలం వంపు. జర్మన్ మనస్తత్వవేత్త, స్వయంగా మోటార్‌సైకిల్ నడిపిన బెర్న్ట్ స్పీగెల్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. మనిషి పరిగెడుతూ పక్కకి తిరిగేటప్పుడు కాలు జారకుండా వంగగలిగేది సుమారు 20 డిగ్రీలు. శరీరానికి తరతరాలుగా తెలిసిన హద్దు అదే. బండి దాన్ని దాటితే లోపలినుంచి గంట మోగుతుంది, టైరుకి ఇంకా బోలెడంత పట్టు ఉన్నా సరే.

లెక్క చూద్దాం. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 40 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి సుమారు 23 డిగ్రీలు వంగాలి. 45 అయితే 28, 50 అయితే 33. పొడిగా ఉన్న మంచి రోడ్డు మీద బాగున్న టైరు దీన్ని మోయగలదు. ఆ మలుపులోకి 45లో వెళ్లి భయపడి, బండిని నిటారుగా లేపి, బ్రేక్ పట్టి రోడ్డు దిగిపోయిన మనిషి నిజానికి ఇంకో రెండు మూడు డిగ్రీలు వంచితే బయటపడేవాడే. అలాగని వంపు మీద మోజు పెంచుకోవాలని కాదు. కాస్త ఇసుక, తడి రంగు గీత, ఆయిలు మరక ఉంటే ఈ లెక్కంతా తారుమారవుతుంది. అందుకే మలుపు బయటే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకుని, లోపల రేస్ సన్నగా, సమానంగా ఇస్తూ వెళ్లాలి. మలుపులో బ్రేక్ అవసరం రాని వేగమే సరైన వేగం.

చూపు సంగతి మొదట్లోనే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో నేల మీది లక్ష్యాల వైపు దూసుకెళ్లే పైలెట్లు ఆ లక్ష్యం మీదే చూపు బిగించి, విమానం లేపడం మర్చిపోయి దాన్నే గుద్దుకున్న సందర్భాల నుంచి ఈ జబ్బుకి టార్గెట్ ఫిక్సేషన్ అనే పేరు వచ్చింది. గుంతను చూస్తే గుంతలోకే పోవడం అందరికీ అనుభవమే. గుంతను చూడవద్దని మనసుకి చెప్పుకుంటే లాభం లేదు, "వద్దు" అన్నకొద్దీ కళ్లు అటే పోతాయి. దాని పక్కనున్న దారిని చూడమని చెప్పుకోవాలి. మలుపుల్లో బ్రిటిష్ పోలీసు రైడర్లకి నేర్పే పద్ధతి ఇంకా నిర్దిష్టంగా ఉంటుంది. రోడ్డు రెండు అంచులూ కలిసిపోయినట్టు కనబడే బిందువును చూస్తూ ఉండాలి. అది దూరంగా జరిగిపోతుంటే మలుపు విచ్చుకుంటోంది, వేగం పెంచవచ్చు. మన మీదికి వస్తున్నట్టుంటే మలుపు ముడుచుకుంటోంది, తగ్గించాలి. భయం చెయ్యాల్సిన పనిని ఇక్కడ ఆ బిందువు చేస్తుంది, అదీ రెండు మూడు సెకన్లు ముందుగా.

చేతులు బిగుసుకున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తిన్నగా వెళ్తున్నప్పుడు మోచేతుల్ని పక్షి రెక్కల్లా కాస్త ఆడించి చూడాలి. ఆడకపోతే బిగుసుకున్నట్టే. మోకాళ్లతో పెట్రోల్ ట్యాంకును నొక్కి పట్టుకుంటే ఒంటి బరువు కాళ్లు మోస్తాయి, చేతులు ఖాళీ అవుతాయి. హెల్మెట్ లోపల ఏదో ఒకటి కూనిరాగం తీసేవాళ్లని చూసి నవ్వక్కర్లేదు. రాగం తీస్తున్నంతసేపూ ఊపిరి బయటికి పోతూనే ఉంటుంది. నిదానంగా వదిలే ఊపిరి గుండె దడను తగ్గిస్తుంది.

ఇతరుల మీద భయం

రద్దీ రోడ్డు భయం వేరే జాతిది. ఇందులో ఎదుటివాళ్ల తప్పే ఎక్కువ. హర్ట్ నివేదికలో వేరే వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు ఆ వాహనం నడిపేవాళ్లు మోటార్‌సైకిల్‌కి దారి ఇవ్వకపోవడం వల్ల జరిగాయి. "చూశాను, కానీ కనబడలేదు" అన్నది వాళ్లు చెప్పే మాట. ఎదురునుంచి చూస్తే బండి చాలా సన్నగా ఉంటుంది, ఎంత వేగంగా దగ్గరికొస్తోందో అంచనా వెయ్యడం కష్టం. కాబట్టి ఆ మాట అబద్ధం కానక్కర్లేదు.

ఇక్కడ చేతి నేర్పు ఒక్కటే సరిపోదు. రెండు సెకన్లలో అద్భుతాలు చెయ్యడం కంటే ఆ రెండు సెకన్లను ఐదు చేసుకోవడం సులువు. ముందున్న బండికి కనీసం రెండు సెకన్ల దూరం ఉంచడం, పెద్ద వాహనం పక్కనే దాని అద్దంలో కనబడని చోట వేలాడకుండా ముందుకో వెనక్కో జరగడం, పక్క రోడ్డులో ఆగి ఉన్న కారు డ్రైవరు మొహం కంటే దాని ముందు చక్రాన్ని గమనించడం. డ్రైవరు మనవైపు చూస్తూనే ముందుకి రావచ్చు, చక్రం మాత్రం అబద్ధం చెప్పదు. ఇలాంటి వెతుకులాట అలవాటయ్యాక రద్దీలో వణుకు తగ్గి పని పెరుగుతుంది. పనిలో ఉన్న మనసుకి భయపడే తీరిక తక్కువ.

పడ్డ తర్వాత

ఒకసారి పడినవాళ్ల భయం కొత్తవాళ్ల భయంలా ఉండదు. పడిన చోటు లాంటి చోటు కనబడినా, టైరు చప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. "వెంటనే ఎక్కి నడపకపోతే ఇంకెప్పటికీ నడపలేవు" అని తొందరపెట్టేవాళ్లుంటారు. అది సగం నిజం. తప్పించుకుని తిరిగినకొద్దీ భయం బలపడుతుందని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో గుర్తించింది. బండి తియ్యని ప్రతిసారీ కలిగే హాయి, తియ్యకపోవడమే మంచిదని మనసుకి నేర్పుతుంది. అలాగని ఒక్కసారిగా పాత రోడ్డు మీదికే వెళ్లి, సగం దారిలో వణికిపోయి తిరిగొస్తే నేర్చుకున్నది కూడా భయమే.

జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు 1958లో వివరించిన పద్ధతిలో భయాన్ని మెట్లుగా విడగొడతారు. మొదటి మెట్టు ఇంజిన్ ఆపిన బండి మీద ఊరికే కూర్చోవడమే కావచ్చు. తర్వాత స్టార్ట్ చేసి కూర్చోవడం, ఖాళీ చోట పది మీటర్లు, తెల్లవారుజామున తెలిసిన వీధి, ఆ తర్వాతే పడిన రోడ్డు. ఒక మెట్టు మీద గుండె దడ తగ్గేవరకు ఉండి అప్పుడు దిగాలి, దడ పతాక స్థాయిలో ఉండగా దిగిపోకూడదు. పడటానికి కారణమేంటో తేల్చుకోవడమూ దీంట్లో భాగమే. "ఎందుకో జారింది" అన్న మాటలో ఉన్నంత భయం "మలుపులో వెనక బ్రేక్ తొక్కాను" అన్న మాటలో ఉండదు. నెలలు గడిచినా పీడకలలు, పదేపదే అదే దృశ్యం కళ్ల ముందుకి రావడం ఉంటే మాత్రం అది బండి మీద సాధనతో పోయే సంగతి కాదు, మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి.

ఇంకో సంగతి. కొన్నిసార్లు భయం మనిషిలో కాదు, బండిలో ఉంటుంది. గాలి తగ్గిన టైరుతో మలుపులో బండి మొండికేస్తుంది. హ్యాండిల్ బేరింగులు బిగుసుకుపోతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు తూలుతుంది. చైను వదులైతే రేస్ ఇచ్చినప్పుడల్లా కుదుపు వస్తుంది. క్లచ్ లీవరు వేళ్లకి అందనంత దూరంగా ఉంటే ఎంత సాధన చేసినా హాఫ్ క్లచ్ కుదరదు. నెలలపాటు తనని తాను పిరికి అనుకున్న మనిషి, టైర్లలో గాలి సరిచూసుకున్న రోజు నవ్వుకున్న సందర్భాలు లేకపోలేదు.

ఎంత నేర్పు, ఎంత ధీమా

సాధన ఎలా చెయ్యాలన్నదాని మీద ఒక ఉపయోగకరమైన పరిశోధన ఉంది. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, ఒకే పనిని వరసగా చేసినవాళ్లు ఆ రోజుకి బాగా చేసినట్టు కనిపించారు. పనుల్ని కలగలిపి చేసినవాళ్లకి అప్పటికి తప్పులు ఎక్కువ వచ్చినా తర్వాత ఎక్కువ గుర్తున్నాయి. కాబట్టి యాభైసార్లు బ్రేక్ వేసి ఇంటికి పోవడం కంటే నాలుగుసార్లు బ్రేక్, రెండు యూటర్న్‌లు, కొన్ని తప్పించుకోవడాలు, మళ్లీ బ్రేక్ అని కలుపుకుంటూ అరగంట చేస్తే మేలు. ఆ అరగంటలో ఏమీ రాలేదనిపించవచ్చు. రెండ్రోజుల తర్వాత తెలుస్తుంది.

శిక్షణకి ఒక చీకటి కోణం కూడా ఉంది. నార్వేలో 1980లలో కొత్తగా లైసెన్సు తీసుకున్న కారు డ్రైవర్లకి జారుడు రోడ్డు మీద నడిపే శిక్షణ ఇస్తే, కుర్రవాళ్లలో ఆ రోడ్ల మీద ప్రమాదాలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. నేర్చుకున్న నేర్పు కంటే పెరిగిన ధీమా ఎక్కువ కావడం దీనికి కారణంగా చెబుతారు. హర్ట్ నివేదికలో ఇంకో విషయం ఉంది. ప్రమాదంలో పడినవాళ్లకి మొత్తం మీద సగటున మూడేళ్ల అనుభవం ఉన్నా, సగానికి పైగా మందికి ఆ ప్రత్యేకమైన బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేదు. కొత్త బండి కొన్న రోజు పాతవాళ్లు కూడా కొంత కొత్తవాళ్లే. పాత బండి మీద పోయిన భయం కొత్త బండి మీద మళ్లీ తలెత్తితే దాన్ని తోసిపుచ్చకూడదు. నలుగురితో కలిసి వెళ్లేటప్పుడూ అంతే. ముందువాళ్లని అందుకోవాలన్న పంతం ఒక్కటే ఆ భయాన్ని నోరెత్తనివ్వదు.

చాలా ఏళ్లు జాగ్రత్తగా నడిపినవాళ్లని గమనిస్తే వాళ్లకి భయం లేదనిపిస్తుంది. కాస్త దగ్గరగా చూస్తే, మలుపు అవతల చెట్ల నీడ చిక్కగా ఉండటం, రోడ్డు మీద తడి మెరవడం కనబడగానే, ఇంకా మలుపుకి యాభై మీటర్ల దూరంలో ఉండగానే వాళ్ల కుడిచెయ్యి రేస్ కాస్త వదులుతుంది. కొత్త మనిషికి మలుపు మధ్యలో వచ్చే భయం వాళ్లకి ఆ యాభై మీటర్ల దూరంలోనే వచ్చి పోయింది. ఎందుకు వదిలారని అడిగితే వెంటనే చెప్పలేకపోవచ్చు కూడా. మలుపులోకి వచ్చేసరికి వాళ్ల భుజాలు వదులుగా, చూపు అవతలి చివరన ఉంటాయి.